బండికి పేరుంటుంది, బేరింగుకి నంబరుంటుంది

కిందటేడు తొలకరి పడిన వారంలో నా బండి వెనక చక్రం గురగురమనడం మొదలెట్టింది. నేను అంబాజీపేటలో కొబ్బరి కొట్టు గుమాస్తాని. పొద్దున్నే తోటలకెళ్ళి దింపు లెక్క చూసుకోవాలి, మధ్యాహ్నానికి కొట్టు దగ్గరుండాలి, సాయంత్రం రైతుల ఇళ్ళకి డబ్బు చేరవెయ్యాలి. ఈ మూడు పనులూ ఆ రెండు చక్రాల మీదే జరగాలి. మెకానిక్కు చక్రం విప్పి, "బేరింగు పోయిందండి. కంపెనీ సామాను రాజమండ్రి నుంచి రావాలి. నాలుగు రోజులు పడుద్ది" అన్నాడు. దింపులు జోరుగా ఉన్న రోజులు. ఆ నాలుగు రోజులూ ఆటోలకి పెట్టే ఖర్చు తలుచుకుంటేనే గుండె గుభేలుమంది.

పోయిన బేరింగుని చేతిలోకి తీసుకుని గుడ్డతో జిడ్డు తుడిచాను. అంచు మీద సన్నటి అంకెలు బయటపడ్డాయి: 6202. ఆ అంకెల్ని అంతకుముందు ఎక్కడో చూశాను. ఇంట్లో సీలింగు ఫ్యాను మోత పెడుతుంటే బాగుచేయించినప్పుడు, మోటార్లు చుట్టే కుర్రాడి బల్ల మీదున్న చిన్న అట్టపెట్టె మీద. అప్పటికప్పుడు ఆ కొట్టుకే వెళ్ళాను.

"6202 ఉందా బాబూ?"

"ఫ్యానుకాండీ, నీళ్ళ మోటారుకాండీ?"

"బండి చక్రానికి."

అతనేం ఆశ్చర్యపోలేదు. "అయితే రేకు మూతది వద్దండి. వానల్లో తిరుగుతారు కదా, రబ్బరు మూతది ఇస్తానుండండి" అని లోపలి అర నుంచి ఇంకో పెట్టె తీశాడు. షోరూంలో చెప్పిన ధరలో సగం కూడా కాలేదు. దీపాలు పెట్టే వేళకి బండి మళ్ళీ రోడ్డెక్కింది.

ఆ రోజు నుంచి దీన్ని పట్టుబట్టి నేర్చుకున్నాను. ఎక్సెల్ బండి మీద చేపల పెట్టె కట్టుకుని తెల్లవారకముందే బయల్దేరేవాళ్ళు, పాలక్యాన్లు వేలాడదీసుకుని కాలవగట్ల మీద పోయేవాళ్ళు, మోకు భుజాన వేసుకుని తోటతోటకీ తిరిగే దింపు కార్మికులు, రాజోలు నుంచి అమలాపురం దాకా రోజూ వచ్చిపోయే కొట్టు గుమాస్తాలు, వీళ్ళందరికీ బండి ఆగడమంటే ఆ పూట కూలి ఆగడమే. వాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. బండి కంపెనీ బేరింగులు తయారుచెయ్యదు. ఆయిల్ సీలు, బల్బు, ఫ్యూజు, చైను కూడా చాలావరకు బయట నుంచి కొని బిగిస్తుంది. బయట నుంచి కొన్న ప్రతి వస్తువుకీ ఒక కొలత, ఒక నంబరు ఉంటాయి. ఆ నంబరున్న వస్తువు మన బండి కోసమే పుట్టలేదు. నీళ్ళ మోటారులోనో, చెరువులో తిరిగే ఏరేటర్లోనో, వరి కోత మిషన్లోనో అదే ఉండొచ్చు. కొట్టుకెళ్ళి "ఫలానా బండి బేరింగు" అని అడిగితే బండి సామాన్ల కొట్టువాడే పలుకుతాడు. నంబరు చెప్పి అడిగితే ఊళ్ళో నాలుగు రకాల కొట్లు పలుకుతాయి.

బేరింగు నంబరు చదవడం పది నిమిషాల్లో వచ్చేస్తుంది. నాలుగంకెల్లో చివరి రెండూ లోపలి కన్నం కొలత చెబుతాయి. 00 అంటే 10 మిల్లీమీటర్లు, 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17. 04 నుంచి ఐదుతో హెచ్చవేసుకోవడమే: 04 అంటే 20, 05 అంటే 25. మొదటి రెండంకెలూ బేరింగు వరస. 6202, 6302 రెండింటికీ కన్నం 15 మిల్లీమీటర్లే. కానీ 6202 బయటి కొలత 35, మందం 11. 6302 బయటి కొలత 42, మందం 13. ఒక అంకె తేడా చదివితే వస్తువు హబ్బులో కూర్చోదు, మళ్ళీ తిరగాలి. ఈ కొలతలు ప్రపంచమంతటా ఒక్కటే. స్వీడన్‌లో 1907లో మొదలైన ఎస్‌కేఎఫ్ చేసినా, మన జైపూర్‌లో 1946లో పెట్టిన ఎన్‌బీసీ చేసినా 6202 అంటే 6202.

అంకెల తర్వాత వచ్చే అక్షరాల్ని మాత్రం వదిలెయ్యకండి. రెండు పక్కలా రేకు మూత ఉంటే జెడ్‌జెడ్ అని, రబ్బరు మూత ఉంటే 2ఆర్‌ఎస్ అని ఉంటుంది. కంపెనీని బట్టి రాత కొద్దిగా మారుతుంది. ఫ్యాను ఇంట్లో కప్పుకింద తిరుగుతుంది కాబట్టి దానికి రేకు చాలు. మన బండి కాలవగట్టు బురదలో, ఉప్పు చెరువుల పక్కన తిరుగుతుంది. రేకు మూత సందులోంచి నీళ్ళు దూరతాయి, గ్రీజు కొట్టుకుపోతుంది, లోపల తుప్పు పడుతుంది. చక్రానికి రబ్బరు మూతదే తీసుకోండి. ఇంకో మాట. ఫ్యానుల కోసం ఊరూపేరూ లేని చవక బేరింగులు కూడా అమ్ముతారు. రెక్కల బరువు మోయడానికి అవి సరిపోతాయేమో గానీ, ఇద్దరు మనుషుల్నీ కొబ్బరి బస్తానీ మోసే చక్రానికి పనికిరావు. కంపెనీ పేరు, నంబరు బేరింగు మీదే చెక్కి ఉండాలి. వేలితో తిప్పితే గరగర లేకుండా మెత్తగా తిరగాలి. మంచి కంపెనీ సరుకు మరీ కారుచవకగా ఇస్తున్నారంటే అది నకిలీ అనుకోవచ్చు.

పోయిన పాత బేరింగుని పారెయ్యకండి. అంతకన్నా మంచి పనిముట్టు లేదు. కొత్తదాన్ని హబ్బులో దించేటప్పుడు లోపలి రింగు మీద సుత్తి దెబ్బ పడితే గోళీల దారి మీద సన్నటి గుంటలు పడతాయి. కొత్త బేరింగు నెల తిరక్కుండా అరుస్తుంది. దెబ్బ ఎప్పుడూ బయటి రింగుకే తగలాలి. పాత బేరింగు బయటి అంచుని గ్రైండరు మీద ఒక వెంట్రుకవాసి అరగదీసి కొత్తదాని మీద పెట్టి, దాని అంచు మీద చుట్టూ నెమ్మదిగా కొడితే తిన్నగా దిగుతుంది. అరగదియ్యకపోతే పాతది కూడా హబ్బులో ఇరుక్కుపోతుంది. మా మెకానిక్కు దగ్గర ఇలాంటివి తీగకి గుచ్చి దండలా వేలాడుతుంటాయి.

ఆయిల్ సీలు సంగతీ ఇంతే. దాని మొహం మీద 20, 35, 7 అన్నట్టు మూడంకెలుంటాయి. వరసగా లోపలి కొలత, బయటి కొలత, మందం. వ్యవసాయ పంపులు, ఆయిలింజన్ల సామాన్లు అమ్మే కొట్లలో ఈ కొలతల మీదే సీళ్ళు దొరుకుతాయి. గుండ్రంగా తిరిగే ఇరుసు దగ్గర అవి పనికొస్తాయి. ముందు ఫోర్కు సీలుకి మాత్రం పంపు సీలు పెట్టకండి. అక్కడ గొట్టం తిరగదు, కిందికీ పైకీ జారుతుంది. దాని పెదవి నిర్మాణమే వేరు. నేనొకసారి కొలత కలిసింది కదా అని పెట్టించాను. పదిహేను రోజుల్లో ఫోర్కు ఆయిలంతా ముందు చక్రం మీదికి దిగింది. బ్రేకు డ్రమ్ములోకి పోకుండా చూసుకోగలిగాను, అదే నా అదృష్టం.

ఇక బోల్టులు. మన ప్రాంతంలో బండి నట్టులూ బోల్టులూ ఊడతీయడం కంటే కోయడమే ఎక్కువ. అంత తుప్పు. దీనికి మందు చెరువుల వాళ్ళ దగ్గరుంది. మలికిపురం, సఖినేటిపల్లి, అల్లవరం, కాట్రేనికోన వైపు రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు ఉప్పునీళ్ళలో రాత్రింబవళ్ళు తిరుగుతాయి. మామూలు ఇనుము ఆ నీళ్ళకి ఆగదు. అందుకే ఆక్వా సామాన్ల కొట్లలో స్టెయిన్‌లెస్ స్టీలు నట్లు, బోల్టులు, వాషర్లు తూకానికో డజనుకో దొరుకుతాయి. మడ్‌గార్డు, నంబరు ప్లేటు, చైను కవరు, క్యారియరు, కాళ్ళగార్డు క్లాంపులకి అవి వేసుకుంటే ఇక వాటి జోలికి వెళ్ళక్కర్లేదు. ఇంజను మూతలు అల్యూమినియంవి. వాటిలోకి స్టీలు బోల్టు దించితే ఉప్పుగాలికి ఆ రెండు లోహాలూ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. మరల మీద కాస్త గ్రీజు రాసి బిగించండి.

తుప్పు పట్టదు కదా అని అన్నిచోట్లా స్టెయిన్‌లెస్ స్టీలే పెట్టకూడదు. బోల్టు తల మీద 8.8 అని ఉంటే అది గట్టి ఉక్కు. స్టెయిన్‌లెస్ బోల్టు మీద ఎక్కువగా ఏ2-70 అని ఉంటుంది. లాగినా, కోసినా అది 8.8 కంటే ముందే లొంగుతుంది. చక్రం ఇరుసు, వెనక బ్రేకు పట్టి ఉంచే కడ్డీ, ఇంజనుని ఛాసిస్‌కి కట్టే బోల్టులు, స్పాకెట్టు బోల్టులు: ఈ నాలుగుచోట్లా కంపెనీ ఇచ్చిన రకమే ఉండాలి. తుప్పు పట్టినా ఫరవాలేదు, ఏటా మార్చుకోవచ్చు. అవి విరిగితే మార్చుకోవడానికి మనం ఉండాలి కదా.

హార్డ్‌వేరు కొట్లో జరిగే పొరపాటు ఇంకొకటుంది. అక్కడ పాత లెక్కలో నూళ్ళు చెబుతారు. అంగుళంలో ఎనిమిదో వంతు ఒక నూలు. రెండున్నర నూళ్ళ బోల్టు 7.9 మిల్లీమీటర్లు, మన బండి ఎం8 బోల్టు 8 మిల్లీమీటర్లు. చూపుకి రెండూ ఒకటే. చేత్తో తిప్పితే ఒకటి రెండు చుట్లు ఎక్కుతుంది కూడా. మర వేరు కాబట్టి అక్కడ బిగుసుకుంటుంది. తుప్పేమో అనుకుని పానా వేసి బలంగా తిప్పితే ఇంజను మూతలో మరలు ఊడి చేతికొస్తాయి. ఎం10 దగ్గర ఇంకో చిక్కుంది. జపాను వరసలో వచ్చిన బండ్లకి ఎం10 మర 1.25, హార్డ్‌వేరు కొట్లో మామూలుగా దొరికేది 1.5. అందుకని పాత బోల్టుకి తగిన నట్టు ఒకటి జేబులో వేసుకెళ్ళండి. కొత్త బోల్టు ఆ నట్టులోకి వేళ్ళతోనే చివరిదాకా ఎక్కాలి. ఎక్కకపోతే ఎంత చవకైనా అక్కడే పెట్టేసి రండి. అన్నట్టు, తల కొలత చూసి కంగారుపడకండి. హోండా వరస బండ్లలో ఎం8 బోల్టుకి 12 పానా పడుతుంది, బయట కొన్నదానికి 13 పడుతుంది. మర కలిస్తే చాలు.

రావులపాలెం దగ్గర జాతీయ రహదారి 16 మీద లారీ టైర్ల కొట్లున్నాయి. బండివాళ్ళు అక్కడ ఆగరు. ట్యూబున్న లారీ టైరులో ట్యూబుకీ రిమ్ముకీ మధ్య దళసరి రబ్బరు పట్టీ ఒకటుంటుంది. దాన్ని ఫ్లాపు అంటారు. అరిగిన ఫ్లాపులు కొట్టు వెనక కుప్పగా పడుంటాయి. నేనడిగినప్పుడు టీ డబ్బులకి ఇచ్చారు. ముక్క కోసి క్యారియరు మీద పరిస్తే బస్తా జారదు, పెట్టె అంచు సీటుని కొయ్యదు. ఎక్సెల్ బండి ముందు పళ్ళెంలో పరిస్తే పాలక్యాను చప్పుడు చెయ్యదు. లారీ ట్యూబుని అంగుళం వెడల్పున చుట్టూ కోసుకుంటూ పోతే ఎంత పొడుగైనా కట్టుతాడు వస్తుంది. కొన్న సాగుడు తాళ్ళ కొక్కేలు తెగి కళ్ళకి తగిలిన సంగతులు విన్నాను. ట్యూబు తాడుకి కొక్కెం ఉండదు. రైసుమిల్లుల్లో తీసేసిన పాత బెల్టు దొరికితే మడ్‌గార్డు కింద వేలాడేసుకోండి. బురద ఇంజను మీదికి ఎగరడం తగ్గుతుంది.

చైనుకి నూనె ట్రాక్టరు సామాన్ల కొట్లో దొరుకుతుంది. ఎస్‌ఏఈ 90 గేరు ఆయిలు. మామూలు చైనుకి దాన్నే వాడమని బండి కంపెనీల పుస్తకాల్లోనే ఉంటుంది. ఒక లీటరు డబ్బా తెచ్చుకుంటే నలుగురు పంచుకున్నా చాలాకాలం వస్తుంది. మన ఇళ్ళలో కొబ్బరినూనె ఎప్పుడూ ఉంటుంది కదా అని చైనుకి పూసేవాళ్ళని చూశాను. పుష్యమాసం చలికి అది గడ్డకడుతుంది, ఎండకి కారిపోతుంది, మిగిలినది జిగురై దుమ్ము పట్టుకుంటుంది. కొబ్బరి చెట్టు మనకిచ్చే అసలు బండి సామాను పీచు. కిరసనాయిలులో ముంచిన పీచుతో చైను తోమితే ఏ బ్రష్షూ దాని ముందు నిలవదు. డొక్కల కుప్పలు ఊరంతా ఉన్నాయి, ఖర్చేం లేదు.

చేపలమ్మేవాళ్ళకి ఒక మాట విడిగా చెప్పాలి. పెట్టెలో ఐసు కరిగిన ఉప్పునీళ్ళు చుక్కచుక్కగా వెనక డ్రమ్ము మీద, చైను మీద, షాకబ్జర్ల మీద పడుతుంటాయి. మీ బండి మిగతావాళ్ళ బండి కంటే తొందరగా కరిగిపోవడానికి కారణం అదే. ఆక్వా కొట్లో దొరికే ప్లాస్టిక్ గొట్టం రెండడుగులు కొని, పెట్టె అడుగున కన్నానికి తగిలించి, చక్రం దాటి కిందికి వేలాడెయ్యండి. అదే గొట్టాన్ని పెట్రోలు పైపుగా మాత్రం ఎన్నడూ వాడొద్దు. చూడ్డానికి ఒకేలా ఉంటుంది గానీ పెట్రోలుకి కొన్నాళ్ళలోనే గట్టిపడి చిట్లుతుంది. కింద వేడి ఇంజను ఉంటుంది. పెట్రోలు పైపు బండి సామాన్ల కొట్లోనే కొనండి.

కరెంటు సామాను దగ్గర కారు, ఆటో ఎలక్ట్రీషియన్లని మరిచిపోకండి. వెనక లైటు 12 వోల్టుల 21/5 వాట్ల బల్బు చాలా ఆటోలకీ కార్లకీ అదే. పలక ఫ్యూజులూ అంతే. ఫ్యూజు పోతే సిగరెట్టు పెట్టెలోని రేకు కాగితం చుట్టి నడిపేవాళ్ళున్నారు. ఫ్యూజు కాలాల్సిన చోట వైర్లు కాలతాయి. రెండు ఫ్యూజులు సీటు కింద పెట్టుకోవడానికి అయ్యే ఖర్చు ఒక టీకి అయ్యేంతే.

పాత ఇనప కొట్ల గురించి చెప్పకపోతే ఈ రాత పూర్తికాదు. అమలాపురంలో గానీ కొత్తపేటలో గానీ పాత సామాను కొట్టులో ఓపిగ్గా ఓ గంట వెతికితే సైడు స్టాండు, ఫుట్‌రెస్టు, క్లచ్చు లీవరు, క్యారియరు, టూల్‌బాక్సు, చైను కవరు దొరుకుతాయి. స్ప్లెండరు, ప్యాషను, సీడీ డీలక్సు, హెచ్‌ఎఫ్ డీలక్సు బండ్లలో ఒకదానిది ఇంకొకదానికి పట్టే సామాను చాలా ఉంది. అది కంపెనీ అట్టపెట్టె మీదే తెలుస్తుంది. హోండా పద్ధతి పార్టు నంబర్లో మొదటి ఐదంకెలు అది ఏ భాగమో చెబుతాయి, మధ్యలో మూడక్షరాలు ముందుగా ఏ మోడలు కోసం చేశారో చెబుతాయి. మీ బండి భాగం నంబర్లో ఇంకో మోడలు అక్షరాలు కనిపించాయంటే, ఆ మోడలు పాత బండి సామాను మీకు పడుతుందన్నమాట. అద్దం కొనేటప్పుడు మర తిప్పి చూడండి. యమహా బండ్ల కుడివైపు అద్దానికి ఎడమ మర ఉంటుంది.

అక్కడ కొనేముందు రెండు జాగ్రత్తలు. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు పడిన భాగాల్ని కాగితాలు లేకుండా ముట్టుకోవద్దు. నంబరు గీకేసి ఉంటే ఆ కొట్టుకే మళ్ళీ వెళ్ళొద్దు. దొంగసొత్తని తెలిసో, అనుమానించాల్సిన కారణం ఉండో తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద మూడేళ్ళదాకా జైలు ఉంది. చిన్న సామానుకైనా చీటీ రాయించుకోండి. పోలీసులు, ఎక్సైజువాళ్ళు పట్టుకున్న బండ్లని వేలం వేసినప్పుడు కాగితం పక్కాగా ఉంటుంది. నలుగురు కలిసి ఒక పాత బండి పాడుకుని సామాను పంచుకుంటే అదీ దారే.

రెండోది వరద. 2022 జులైలో గోదావరి లంకలు మునిగినప్పుడు వాకిళ్ళలో పెట్టిన బండ్లు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. వరద తీశాక అలాంటి బండ్ల సామాను చవగ్గా వస్తుంది, పైకి కడిగి మెరిపించి ఉంటుంది. స్టాండు, రేకులు, సీటు చట్రం తీసుకోవచ్చు. బేరింగులు, బ్రేకు ప్లేట్లు, ఇంజను లోపలి భాగాలు వద్దు. ఆయిలు మూత తీసి చూసినప్పుడు పాలు కలిపిన టీలా ఉందంటే లోపలికి నీళ్ళు పోయినట్టే. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండ్లయితే కంప్యూటరు డబ్బా, సెన్సార్లు అసలే వద్దు.

చవక వెతకకూడని సామాను కొంత ఉంది. బ్రేకు షూలు, బ్రేకు వైరు, టైర్లు, చైను. ఇవి కొత్తవే, మంచివే కొనండి. చైను మార్చినప్పుడు రెండు స్పాకెట్లూ కలిపే మార్చాలి. అరిగిన పళ్ళ మీద కొత్త చైను వేస్తే అదీ అలాగే అరుగుతుంది. చైను లాకు పెట్టేటప్పుడు దాని మూసిన కొన చైను కదిలే దిక్కుకి ఉండాలి. అమ్మే టైరు కొత్తగా కనిపించినా పక్కన చిన్న గడిలో నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో చేసింది. ఏళ్ళ తరబడి గోడౌనులో ఎండిన రబ్బరు తడిసిన వంతెన మీద పట్టదు.

ఇవన్నీ నేర్చుకున్నాక నా బండి సీటు తిరగేసి, అడుగున తెల్ల పెయింటుతో రాసుకున్నాను. ముందు చక్రం బేరింగు నంబరు, వెనక చక్రానిది, ఆయిల్ సీలు కొలతలు, చైను రకం, దాని లింకుల లెక్క, బల్బు వాట్లు. విప్పిన ప్రతిసారీ ఒక వరస చేరుతుంది. మొన్న ముక్తేశ్వరం రేవులో పంటు కోసం నిలబడ్డప్పుడు ఒక చేపలాయన చక్రం మోత విని ఈ నంబర్ల సంగతి చెప్పాను. ఆయన పెట్టె మీద సుద్దముక్కతో నంబర్లు రాసే చోటు ఖాళీగా ఉంచుకుంటానన్నాడు. "సుద్ద చెరిగిపోద్దండి, పెయింటుతో రాయించండి" అన్నాను. పంటు గట్టుకి తగిలింది, ఆయన చక్రం గురగురమంటూనే దాని మీదికెక్కింది.